బటన్ నొక్కడానికి మూడేళ్ల చదువెందుకు?

మీరు అడిగింది కుదించి చెప్పుకుంటే ఇది: రేడియోగ్రఫీ కోర్సులో సీటు వచ్చింది, చేరాలా వద్దా అని ఊగిసలాడుతున్నారు. ఎక్స్‌రే గదిలో మీరు చూసినాయన పేషెంట్‌ను నిలబెట్టి, "ఊపిరి బిగపట్టండి" అని, అద్దం వెనక్కి వెళ్లి బటన్ నొక్కాడు, అంతే. దానికి ఇన్నేళ్లు ఏం నేర్పుతారు, ఫిజిక్స్ అంతంతమాత్రంగా వచ్చినవాళ్లు నెట్టుకురాగలరా, రోజూ రేడియేషన్ దగ్గర ఉంటే ప్రమాదం కాదా అని.

ముందు సూటి జవాబు. బటన్ నొక్కడం మొదటి వారంలోనే వచ్చేస్తుంది. మిగతా కాలమంతా మీరు నేర్చుకునేది, తెర మీద పడిన ఇమేజ్‌ను చూసి "ఇది చాలు" అనో, "చాలదు, ఫలానా కారణం వల్ల చాలదు, ఫలానాది మార్చి తీస్తే వస్తుంది" అనో కొన్ని సెకన్లలో తేల్చుకోవడం. అనాటమీ, ఫిజిక్స్, పొజిషనింగ్ (పేషెంట్‌ను సరైన భంగిమలో ఉంచడం), పేషెంట్‌తో మాట్లాడే తీరు, అన్నీ వచ్చి కలిసేది అక్కడే. రిపీట్ చేసిన ప్రతి ఎక్స్‌రే పేషెంట్ ఒంటికి అదనపు రేడియేషన్ డోసు. రిపీట్ చేయాల్సిన చోట బద్ధకించి వదిలేస్తే కనిపించాల్సిన ఫ్రాక్చర్ కనిపించకుండా పోతుంది. రెండూ తప్పే, రెండింటి మధ్యా నిలబడి తేల్చాల్సింది మీరే.

నేను చాలా ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, మా విభాగానికి పోస్టింగ్‌కి వచ్చే విద్యార్థులకు పని నేర్పడం కూడా నా బాధ్యతే. కాబట్టి సిలబస్ పట్టిక చెప్పను, అది కాలేజీ వాళ్లే ఇస్తారు. కోర్సు కాలం కూడా దేశాన్ని బట్టి రెండు నుంచి నాలుగేళ్ల దాకా మారుతుంది. లోపల ఏం జరుగుతుందో చెప్తాను. ఇంకో మాట, చాలామంది కలిపేసుకుంటారు కాబట్టి: జబ్బు ఏమిటో రిపోర్టు రాసేది రేడియాలజిస్టు, ఆయన డాక్టరు. ఆ రిపోర్టు రాయడానికి పనికొచ్చే ఇమేజ్ తీసి ఇచ్చేది రేడియోగ్రాఫర్.

మొదటి ఏడాది ఎక్కువ భాగం అనాటమీతోనే పోతుంది. పెద్దవాళ్ల ఒంట్లో 206 ఎముకలు, వాటి పేర్లు బట్టీ పడితే పరీక్ష గట్టెక్కుతారు గానీ గదిలో అది పనికిరాదు. ఎందుకంటే ఎక్స్‌రేలో మీకు కనిపించేది ఎముక కాదు, దాని నీడ. ఆ నీడ మీద ఇంకో నాలుగు నీడలు పడి ఉంటాయి. మణికట్టునే తీసుకోండి, చిన్నచిన్న ఎముకలు 8, ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపిస్తాయి. వాటిలో ఎక్కువగా విరిగేది బొటనవేలి వైపుండే స్కాఫాయిడ్. మామూలు వ్యూలో అది ముడుచుకున్నట్టు కురచగా పడుతుంది, విరిగిన గీత దాక్కుంటుంది. చేతిని చిటికెన వేలి వైపు వంచి తీస్తే అదే ఎముక పొడవుగా విచ్చుకుంటుంది. ఇది తెలిసిన విద్యార్థి రిక్వెస్ట్ ఫారం మీద "మణికట్టు" అని మాత్రమే రాసి ఉన్నా, బొటనవేలి మొదట్లో గుంట దగ్గర నొప్పి అని పేషెంట్ చూపించగానే స్కాఫాయిడ్ వ్యూల గురించి అడుగుతాడు. తెలియనివాడు ఫారంలో ఉన్నది తీసి పంపేస్తాడు. ఆ వ్యూలు తీసినా మొదటి రోజు ఫ్రాక్చర్ కనిపించకపోవచ్చు, 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ తీయడమో, సీటీ, ఎమ్మారై చేయడమో అందుకే.

ఇక ఫిజిక్స్, మీ అసలు టెన్షన్. నిజం చెప్పాలంటే ఇక్కడ కావాల్సిన లెక్కలు తక్కువ, కూడికలు, నిష్పత్తులు, ఒక వర్గం (స్క్వేర్). కావాల్సింది కార్యకారణం అర్థం కావడం. ట్యూబులో ఒకవైపు వేడెక్కిన ఫిలమెంట్ నుంచి ఎలక్ట్రాన్లు బయల్దేరి, ఎదురుగా తిరుగుతున్న టంగ్‌స్టన్ టార్గెట్‌ను గుద్దుకుంటాయి. ఆ శక్తిలో 99 శాతం దాకా వేడిగానే పోతుంది, ఎక్స్‌రేలుగా మారేది 1 శాతం మాత్రమే. టార్గెట్‌ను తిప్పేది కూడా అందుకే, ఆ వేడి ఒకే చోట పడితే లోహం కరిగిపోతుంది. మీ చేతిలో ఉండేవి ప్రధానంగా రెండు: కిరణాలు ఎంత లోతుకు చొచ్చుకుపోవాలో చెప్పే కేవీ, ఎన్ని కిరణాలు రావాలో చెప్పే ఎంఏఎస్. కేవీని 15 శాతం పెంచితే డిటెక్టర్ (ఇమేజ్‌ను పట్టుకునే పలక) మీద ప్రభావం సుమారుగా ఎంఏఎస్‌ను రెట్టింపు చేసినట్టే ఉంటుంది, అంటే 70 కేవీ నుంచి 80కి వెళ్తే ఎంఏఎస్‌ను సగానికి తగ్గించుకోవచ్చు. కాకపోతే ఇమేజ్‌లో కాంట్రాస్ట్, అంటే నలుపు తెలుపుల తేడా, కాస్త పడిపోతుంది. చేతికి 50, 60 కేవీ సరిపోతే, గ్రిడ్ (చెదిరిన కిరణాల్ని ఆపే జాలీ) పెట్టి తీసే ఛాతీకి 110 నుంచి 125 దాకా పెడతాం, పక్కటెముకల వెనకున్న ఊపిరితిత్తి కూడా కనిపించాలి కదా. విద్యార్థులు ఈ అంకెలు చార్టు చూసి కంఠతా పడతారు, పట్టనివ్వండి, కానీ లావుపాటి పేషెంట్ వచ్చినప్పుడు చార్టు ఉన్నచోటే ఆగిపోతుంది. అప్పుడు ఏది పెంచాలి, ఎందుకు పెంచాలి అన్నది ఈ ఫిజిక్సే చెప్తుంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి, కొత్తవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటున్నారు. పాత ఫిల్ముల కాలంలో ఎక్స్‌పోజర్ ఎక్కువైతే ఫిల్ము నల్లగా మాడిపోయి పట్టిచ్చేది. డిజిటల్‌లో ఎక్కువ డోసు ఇచ్చినా ఇమేజ్ చక్కగానే కనిపిస్తుంది, ఇంకా నున్నగా, అందంగా కూడా ఉంటుంది, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ వెలుగును సర్దేస్తుంది. తక్కువైతే మాత్రం ఇసుక చల్లినట్టు గరుగ్గా వస్తుంది, రేడియాలజిస్టు ఫోన్ చేస్తాడు. దాంతో ఏమవుతుంది, ఎవరూ తిట్టకుండా ఉండాలని ఎవరికి వారు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతారు. దీన్ని ఆపేది తెర మూలన కనిపించే ఎక్స్‌పోజర్ ఇండెక్స్ అనే అంకె, డిటెక్టర్‌కి ఎంత ఎక్స్‌పోజర్ చేరిందో అది చెప్తుంది. నా దగ్గర పోస్టింగ్‌లో ఉన్నవాళ్లను ప్రతి ఇమేజ్‌కీ ముందు ఆ అంకె చదివి వినిపించమంటాను, తర్వాతే ఎముక చూడాలి. విసుక్కుంటారు. అలవాటైపోతుంది.

పొజిషనింగ్ గురించి ఎంత చెప్పినా తక్కువే, మీ పోస్టింగ్ సమయం సింహభాగం దీనికే పోతుంది. అందరూ సులువనుకునే ఛాతీ ఎక్స్‌రేతోనే చూద్దాం. పేషెంట్‌ను డిటెక్టర్‌కి ఛాతీ ఆనించి నిలబెడతాం, ట్యూబు వీపు వైపు, 180 సెంటీమీటర్ల దూరంలో. ఎందుకలా? గుండె ముందు వైపుంటుంది కాబట్టి డిటెక్టర్‌కి దగ్గరగా ఉంటుంది, ట్యూబు దూరంగా ఉంటుంది, అందుకని గుండె నీడ పెద్దదిగా పడదు. భుజాలు ముందుకు వాల్చమంటాం, లేకపోతే భుజపుటెముకలు ఊపిరితిత్తుల మీద పడతాయి. ఊపిరి ఒకసారి తీసి వదిలి, రెండోసారి గట్టిగా తీసి బిగపట్టమంటాం, ఎందుకంటే మొదటిసారి కన్నా రెండోసారి లోతుగా పోతుంది. ఇక ఇమేజ్ వచ్చాక అసలు పరీక్ష. డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొర) పైన వెనకవైపు పక్కటెముకలు 9 లేదా 10 లెక్కకు రావాలి, రాకపోతే ఊపిరి సరిగ్గా తీసుకోలేదు. అలా సగం ఊపిరితో తీసిన ఎక్స్‌రేలో గుండె పెద్దదిగా, ఊపిరితిత్తుల అడుగు భాగం మబ్బుగా కనిపిస్తుంది. లేని జబ్బు ఉన్నట్టు. మెడ కింద అడ్డంగా ఉండే రెండు కాలర్ ఎముకల లోపలి కొసలూ వెన్నుపూస మధ్య ముల్లుకు సమాన దూరంలో ఉండాలి, ఒకటి దగ్గరైతే పేషెంట్ పక్కకు తిరిగి ఉన్నాడు. ఊపిరితిత్తుల పైకొసలు, కింద రెండు మూలలు తెగిపోకుండా ఉండాలి. కుడి ఎడమలు చెప్పే మార్కర్ కనిపించాలి.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే పాస్ చేయాలంటే రోజుకు సగం మందిని రిపీట్ చేయాలి. అందుకే రెండో ఏడాదికి వచ్చేసరికి ప్రశ్న మారుతుంది: ఇమేజ్ పరిపూర్ణంగా ఉందా అని కాదు, డాక్టర్ అడిగిన ప్రశ్నకు ఇది జవాబిస్తుందా అని. ముక్కులోంచి వేసిన గొట్టం కొస కడుపులో ఉందో లేదో చూడమని పంపారు, కొస స్పష్టంగా కనిపిస్తోంది, కుడి ఊపిరితిత్తి పైకొస కాస్త తెగింది. నేనైతే రిపీట్ చేయను. అదే క్షయ అనుమానంతో పంపిన ఛాతీ అయితే తెగిన ఆ పైకొసే ముఖ్యం, అక్కడే మొదట చూస్తారు, కాబట్టి మళ్లీ తీస్తాను. ఇమేజ్ అదే, లోపం అదే, నిర్ణయం వేరు. ఈ తేడా పుస్తకంలో ఒక పేరాలో రాయొచ్చు గానీ వంటబట్టడానికి నెలలు పడుతుంది. విద్యార్థుల్లో మంచి మార్కులు తెచ్చుకునేవాళ్లే ఇక్కడ ఎక్కువ ఇబ్బంది పడటం చూశాను, ప్రతిదీ పుస్తకంలో బొమ్మలా రావాలని పట్టుదల.

పుస్తకంలో మోడల్ ఎప్పుడూ ఆరోగ్యంగా, సన్నగా, చెప్పినట్టు వినే మనిషి. మీ ముందుకు వచ్చేవాళ్లు అలా ఉండరు. మోచేతి లేటరల్ వ్యూకి (పక్క నుంచి తీసేదానికి) చేయి 90 డిగ్రీలు మడిచి, భుజం, మోచెయ్యి, మణికట్టు ఒకే మట్టంలో పెట్టాలి. ఊరికే పెట్టిన నియమం కాదిది, కీలులోకి రక్తం చేరితే చుట్టూ ఉన్న కొవ్వు పొర పైకి లేచి నల్లగా కనిపిస్తుంది, ఫ్రాక్చర్ గీత కనిపించని చోట ఒక్కోసారి అదొక్కటే ఆధారం. చేయి చాపి తీస్తే వెనక కొవ్వు దెబ్బ లేకపోయినా లేచినట్టు కనిపించి పక్కదారి పట్టిస్తుంది. మరి మోచెయ్యి వాచి, మడవలేక ఏడుస్తున్న పిల్లాడొస్తే? లాగి మడవకూడదు, అది మొదటి పాఠం. చేయి ఉన్నచోటే ఉంచి, ట్యూబును, డిటెక్టర్‌ను దాని చుట్టూ తిప్పుకోవాలి, 90 డిగ్రీలు రాలేదని రిక్వెస్ట్ మీద రాయాలి. ప్రమాదంలో దెబ్బతిన్న పేషెంట్ మెడ కాలర్‌తో పడుకుని వస్తే ఆయన్ను పక్కకు తిప్పరు, కిరణాన్నే అడ్డంగా పంపిస్తారు, ఏడో మెడ పూస కింద ఛాతీ మొదటి పూస పైభాగం దాకా కనిపించేదాకా పని పూర్తి కానట్టే, ఎందుకంటే దెబ్బ తరచూ ఆ అడుగునే దాక్కుంటుంది, భుజాల నీడ వల్ల అదే సరిగ్గా పడదు.

పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేకి, నిలబెట్టి తీసిన దానికి తేడా కూడా బాగా నేర్పుతారు. పేగుకి చిల్లు పడిందని అనుమానం ఉంటే పేషెంట్‌ను కూర్చోబెట్టో నిలబెట్టో కొన్ని నిమిషాలు ఆగి తీయాలి, గాలి పైకి చేరి డయాఫ్రమ్ కింద నల్లటి చంద్రవంకలా కనిపించడానికి ఆ మాత్రం సమయం కావాలి. పడుకోబెట్టి తీసి "గాలి లేదు" అనుకుంటే మోసపోయినట్టే.

పేషెంట్ సంరక్షణ అనే పేపరు ఒకటుంటుంది, విద్యార్థులు దాన్ని మార్కుల కోసం చదివే సబ్జెక్టుగా చూస్తారు. గదిలో జరిగే పెద్ద తప్పులు చాలావరకు అక్కడివే. పేరు, పుట్టిన తేదీ, రిజిస్టర్ నంబరు అడిగి సరిచూడాలి, "మీరు ఫలానా ఆయనేనా?" అని అడగకూడదు, చెవులు సరిగ్గా వినపడని పెద్దాయన దేనికైనా తలూపుతాడు. "మీ పేరు చెప్పండి" అనాలి. మా దగ్గరి ఒక విద్యార్థిని, అప్పుడే రెండో ఏడాదిలోకి వచ్చింది, ఎడమ మోకాలు తీయమని ఫారం వచ్చిన పేషెంట్‌ను "ఏ కాలండీ నొప్పి?" అని అడిగింది. ఆయన కుడి మోకాలు చూపించాడు. అక్కడే ఆపేసి వార్డుకి ఫోన్ చేసింది, ఫారంలోనే తప్పు పడిందని తేలింది. చుట్టూ సీనియర్లున్నా, వెనక క్యూ ఉన్నా ఆపడానికి ధైర్యం కావాలి, ఆ రోజు ఆమె లాగ్‌బుక్‌లో ఆ సంగతే రాసి సంతకం పెట్టాను. గర్భం ఉండే అవకాశం ఉందా అని అడగడం కూడా ఇంతే, పక్కన అత్తగారో భర్తో ఉంటే అడగడానికి మొహమాటపడతారు. వాళ్లను బయటకు పంపి అడగాలి. పేషెంట్‌ను స్ట్రెచర్ మీంచి టేబుల్ మీదకు మార్చడం, డ్రిప్పు, ఆక్సిజన్ గొట్టాలు లాగకుండా చూసుకోవడం, ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్ల దగ్గర జాగ్రత్తలు, కాంట్రాస్ట్ మందు (అవయవాలు స్పష్టంగా కనిపించడానికి ఇచ్చేది) ఇచ్చాక ఒళ్లంతా దద్దుర్లు వచ్చి ఊపిరాడకపోతే మొదటి నిమిషంలో ఏం చేయాలి, ఇవన్నీ ఇందులోవే.

రేడియేషన్ భయం గురించి. బటన్ వదిలితే ఎక్స్‌రే ఉండదు, గదిలో మిగిలిపోవడం, బట్టలకు అంటుకోవడం లాంటివేమీ లేవు. ఛాతీ ఎక్స్‌రే ఒకటికి పేషెంట్‌కి వచ్చేది సుమారు 0.02 మిల్లీసీవర్టులు (రేడియేషన్ డోసును కొలిచే యూనిట్). నేల, గాలి, ఆకాశం నుంచి మనిషికి సహజంగా వచ్చేది ప్రపంచ సగటున ఏడాదికి 2.4, అంటే ఆ ఎక్స్‌రే మూడు రోజుల సహజ డోసుతో సమానం. పొట్ట సీటీ మాత్రం 8, 10 దాకా పోతుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అంతర్జాతీయ సిఫారసుల ప్రకారం ఈ పనిలో ఉన్నవాళ్లకు పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదిలోనూ 50 దాటకూడదు. అద్దం వెనక నిలబడి పనిచేసే మామూలు ఎక్స్‌రే విభాగంలో ఒంటికి తగిలిన డోసును కొలిచే బ్యాడ్జి రీడింగులు దీనికి చాలా తక్కువే వస్తాయి. ఎక్కువ జాగ్రత్త కావాల్సింది వార్డులో మొబైల్ ఎక్స్‌రేకి, ఆపరేషన్ థియేటర్లో సీ-ఆర్మ్‌కి (ఆపరేషన్ మధ్యలో వాడే, C ఆకారంలో ఉండే ఎక్స్‌రే యంత్రం). అక్కడ పేషెంట్ ఒంటి నుంచి చెదిరి వచ్చే కిరణాలే మీకు తగిలేవి. దూరం రెట్టింపైతే అవి నాలుగో వంతుకు పడిపోతాయి, ఇందాక ఒక వర్గం అన్నానే, అది ఇదే. రెండడుగులు వెనక్కి వేయడం అన్నిటికన్నా చవకైన రక్షణ. బ్యాడ్జి సీసం ఏప్రన్ లోపల పెట్టుకోండి, ఏప్రన్‌ను మడతపెట్టి పడేయకండి, లోపలి సీసం పొర చిట్లుతుంది, పైకి కనిపించదు. పిల్లల్ని పట్టుకోవాల్సి వస్తే విద్యార్థి పట్టుకోకూడదు, ఎవరు ఎంత బతిమాలినా సరే. రాంట్‌గెన్ 1895లో ఎక్స్‌రేలు కనిపెట్టిన తర్వాత, వాటి ప్రమాదం తెలియని తొలి రోజుల్లో ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ తన చేతుల్నే అడ్డుపెట్టి ట్యూబులు పరీక్షించేవాడు, చేతులు తీసేయాల్సి వచ్చింది, 1904లో చనిపోయాడు. మన నియమాలన్నీ అలాంటి అనుభవాల నుంచి వచ్చినవే.

చివరి ఏడాదుల్లో సీటీ, ఎమ్మారై, ఫ్లోరోస్కోపీ (కదులుతున్న ఎక్స్‌రే), మామోగ్రఫీ (రొమ్ము ఎక్స్‌రే) పరిచయం చేస్తారు. సీటీలో నీటికి 0, గాలికి మైనస్ 1000 అని అంకెలుంటాయి, వాటిలో ఏ భాగాన్ని తెర మీద పరిచి చూడాలో విండో అనేది నిర్ణయిస్తుంది, మెదడుకి ఒకటి, ఊపిరితిత్తికి ఒకటి, ఎముకకు ఒకటి. కాంట్రాస్ట్ ఎక్కించే ముందు కిడ్నీ రిపోర్టు, పాత ఎలర్జీలు అడగడం ఇక్కడ అలవాటవుతుంది. ఎమ్మారైలో రేడియేషన్ లేదు కదా అని విద్యార్థులు హాయిగా తిరుగుతారు, నాకు ఎక్కువ భయం అక్కడే. స్కాన్ జరగకపోయినా ఆ అయస్కాంతం ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత శక్తికి సుమారు 30,000 రెట్లు. మామూలు ఆక్సిజన్ సిలిండర్ తలుపు దాటితే ఎగిరి వెళ్లి లోపలున్న మనిషిని కొడుతుంది. మొదటి రోజు అక్కడ ఇమేజింగ్ నేర్పరు, ఎవర్ని, దేన్ని లోపలికి రానివ్వకూడదో నేర్పుతారు. కోర్సు అయిపోయేసరికి ఎమ్మారై పూర్తిగా చేతికొస్తుందని ఆశపడకండి, చాలామంది ఉద్యోగంలో చేరాకో, వేరే శిక్షణ తీసుకునో నేర్చుకుంటారు. మెషీన్ల క్వాలిటీ టెస్టులు, రిజెక్ట్ ఇమేజ్‌ల లెక్కలు కూడా ఉంటాయి, కాస్త బోరు, కానీ ఏ వ్యూ ఎక్కువ రిపీట్ అవుతోందో ఆ లెక్కలే చెప్తాయి.

చేరాలా వద్దా అంటే, మనుషుల్ని ముట్టుకుని, మాట్లాడి పని చేయడం మీకు ఇబ్బంది కాకపోతే చేరండి. ఫిజిక్స్ వల్ల మానేసినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు, రక్తం, వాంతులు, నైట్ డ్యూటీలు తట్టుకోలేక మానేసినవాళ్లు తగిలారు. వీలైతే చేరకముందే ఏదైనా ఆసుపత్రిలో అనుమతి తీసుకుని ఒక పూట ఎక్స్‌రే విభాగంలో కూర్చుని చూడండి, క్యూ ఎక్కువుండే సమయంలో.

ఈలోగా చేతిలో ఖాళీ ఉంటే పుస్తకం కొనక్కర్లేదు, మీ ఒంటి మీదే గుర్తులు తడిమి నేర్చుకోండి. తల వంచితే మెడ వెనక పొడుచుకొచ్చేది మామూలుగా ఏడో మెడ పూస. నడుము మీద చేతులు పెట్టుకుంటే తగిలే ఎముక అంచు నాలుగో నడుము పూస మట్టం. భుజపుటెముక కింది కొస ఏడో ఛాతీ పూస మట్టం, ఛాతీ ఎక్స్‌రేకి కిరణం గురిపెట్టేది అక్కడే. తొడ పైన పక్కగా తగిలే గుబ్బ, దాని పేరు గ్రేటర్ ట్రొకాంటర్. పోస్టింగ్ మొదటి రోజు సీనియర్ "సెంటరింగ్ ఎక్కడ?" అని, అంటే కిరణం ఎక్కడ గురిపెట్టాలని, అడిగితే వేలు పెట్టి చూపించగలుగుతారు.